కొండ చుక్కకూర

ఆ ఏడాది చలికాలం చలికాలంలా రాలేదు. డిసెంబరు అయిపోవస్తున్నా, దుబాయ్ దాటాక ఉండే ఉమ్ అల్ క్వైన్‌లో నేను పనిచేసే ఇంట్లో ఏసీలు ఆగలేదు. పెట్టెలోంచి పైకి తీసిన స్వెట్టరు నా మంచం కోడుకు అలా వేలాడుతూనే ఉంది, ఒక్క పూటా వేసుకోలేదు. పెరట్లో వేపచెట్టు తొందరపడి పూతపట్టింది. తోటపని చేసే బెంగాలీ ఆయన పొద్దున ఊడ్చిపోతే సాయంత్రానికి మళ్ళీ నేలంతా పువ్వే. జనవరి మొదట్లో వాన పట్టుకుంది. ఇక్కడ వానంటే ఎప్పుడో ఒకసారి వచ్చి కార్ల మీద మట్టి చారలు మిగిల్చి పోయేది. ఆసారి అలా కాదు. తెరిపి లేకుండా కురిసి, వీధుల్లో నీళ్ళు నిలబెట్టి, కొండల్లో వాగులు పారించి మరీ పోయింది.

ఆ ఇంట్లో నా పని ముసలావిడను చూసుకోవడం. పనివాళ్ళందరూ ఆమెను మామ అనేవారు. మా కోనసీమలో మామ అంటే మేనమామో, భర్త తండ్రో. ఒక ఆడమనిషిని మామా అని పిలవడానికి మొదట్లో నాకు నోరు తిరిగేది కాదు, నవ్వు కూడా వచ్చేది. తర్వాత అదే అలవాటైపోయింది. మామకు ఎనభై దాటి ఉంటాయి. ఎన్నో ఆవిడకే తెలియదు. ముఖానికి ఎప్పుడూ ఆ పాతకాలపు బుర్ఖా ముసుగు ఉండేది, కుమ్మరిపురుగు రెక్కలా నిగనిగలాడుతూ. భర్త ఎప్పుడో పోయాడు. కొడుకులు అబుదాబిలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. కూతురు షార్జాలో ఏదో ఆఫీసులో పెద్ద పనిలో ఉండేది. సెలవు రోజుల్లో వచ్చేది, మిగతా రోజుల్లో ఫోన్‌లోనే ఇల్లు నడిపేది. ఆమెను మదామ్ అనేవాళ్ళం.

మామ ఒకచోట కూర్చునేది కాదు. కరోనా వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడను గేటు దాటనివ్వలేదు. పెద్దవాళ్ళకు ప్రమాదమని పిల్లల భయం. దాంతో ఆవిడ హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి గేటు దాకా కర్ర తాటిస్తూ తిరిగేది. గేటు గొళ్ళెం పట్టుకుని ఒకసారి లాగి చూసేది. రాకపోతే వెనక్కి తిరిగేది. వెనకే నేను. ఒక మోకాలు బాగా లేదు ఆవిడకు, పడిపోతుందేమోనని అడుగు వెనక అడుగు వేసేదాన్ని.

నిజానికి ఆవిడ కంటే నాకే ఎక్కువ కాలు నిలిచేది కాదు. నేను సెలవు మీద ఊరెళ్ళాల్సింది ఏడాది కిందటే. ముందు విమానాలు ఆగిపోయాయి. అవి మొదలయ్యాక నా బదులు ఉండడానికి ఒకరి తర్వాత ఒకరుగా ఇద్దరు ఆడవాళ్ళను తీసుకొచ్చారు. ఒకామెను మామ పడకగదిలోకి రానివ్వలేదు. రెండో ఆమె చేతి అన్నం ముట్టలేదు. మదామ్ నా చెయ్యి పట్టుకుని ఇంకొక్క నెల ఉండమని అడిగేది. ఆ నెల అయ్యాక మరో నెల. తిట్టేవాళ్ళయితే పోట్లాడి వెళ్ళిపోదును. మంచివాళ్ళు. కోపం ఎవరి మీద చూపించుకోవాలో తెలియక తుడిచిన వంటగట్టునే మళ్ళీ తుడిచేదాన్ని. మంచం కింద బ్యాగు సర్దే ఉండేది. వారానికోసారి అన్నీ బయటకు తీసి, మడతపెట్టి, మళ్ళీ సర్దేదాన్ని. నా కూతురు ఇంటర్‌లో చేరింది. ఆ కాలేజీ గేటు ఏ రంగులో ఉంటుందో కూడా నాకు తెలియదు. ఫోన్‌లో అది ముక్తసరిగా మాట్లాడి, చదువుకోవాలి అమ్మా అని పెట్టేసేది.

వాన వెలిశాక ఒక పొద్దున పెరట్లోకి వెళ్తే ఏసీ గొట్టంలోంచి నీళ్ళు కారే చోట, నేలమీద పరిచిన ఇటుకల సందుల్లోంచి ఎర్రటి కాడలు పాకి ఉన్నాయి. దళసరి ఆకులు, చిన్న చిన్న పసుపు మొగ్గలు. నేను అక్కడే గొంతుకూర్చున్నాను. పావిలికూర. ఎవరూ విత్తకుండా, ఎవరూ నీళ్ళు పొయ్యకుండా తనంతట తాను మొలిచిన ఆకును చూసి ఎన్నాళ్ళయిందో. చిన్నప్పుడు కాలవ గట్ల మీద పొన్నగంటి, గలిజేరు, తోటకూర ఏది దొరికితే అది ఓణీలో వేసుకుని ఇంటికి తెచ్చేవాళ్ళం.

కారు కడగడానికి వచ్చిన డ్రైవరు నా వెనక నిలబడ్డాడు. అతను నిర్మల్ దగ్గర ఏదో పల్లెటూరివాడు, నాకంటే చిన్నవాడు. కానీ ఈ దేశానికి నాకంటే చాలా ముందే వచ్చాడు. అరబ్బీ నీళ్ళలా మాట్లాడేవాడు. మొదట్లో మా ఇద్దరి తెలుగే ఒకరిది ఒకరికి సరిగా ఎక్కేది కాదు. నేను ఆయ్ అంటే అతనికి నవ్వు, అతను గట్లనే అంటే నాకు నవ్వు.

"అక్కా, గిది గంగవాయిలి కూర గాదా?" అన్నాడు.

"మా వైపు పావిలికూర అంటాం."

"పప్పుల ఏస్తే మస్తుంటది," అని తనూ కూర్చుని గిల్లడం మొదలుపెట్టాడు. బెంగాలీ ఆయన పారతో చెక్కేసేలోపే ఇద్దరం గిన్నెడు కోసేశాం.

వెనక వంటింట్లో కందిపప్పు, పచ్చిమిరపకాయలు, కాస్త చింతపండు వేసి ఉడికించి, వెల్లుల్లితో తాలింపు పెట్టాను. ఆ వాసనకు కర్ర చప్పుడు వంటింటి గుమ్మం దాకా వచ్చింది. మామ గిన్నెలోకి తొంగిచూసి, వేలితో కొంచెం తీసుకుని ముసుగు కిందనుంచి నాలుక మీద పెట్టుకుంది. బాగోలేదని అనలేదు. కాసేపు ఆలోచించి "హుమైద్" అంది.

అదేమిటని డ్రైవర్ని అడిగాను. కొండల్లో వాన తర్వాత మొలిచే పుల్లటి ఆకట. ఇక్కడివాళ్ళు పచ్చిదే అన్నంలో, చేపతో నంజుకుంటారట. ఆకు ఎలా ఉంటుందో అతను చెబుతుంటే నాకు అర్థమైపోయింది. మన చుక్కకూర. ఆ సాయంత్రం నుంచి మామ నోట ఆ మాట తప్ప ఇంకో మాట లేదు. గేటు దగ్గర అదే, మంచం మీద అదే. మర్నాడు డ్రైవరు కూరల మార్కెట్‌కి వెళ్ళి ఒక కట్ట తెచ్చాడు. చుక్కకూరే, కాకపోతే ఆకు చిన్నది, మందం ఎక్కువ, చివర్లో గులాబీ రంగు కాగితం పూలలాంటి కాయలు. మామ కట్టను ముసుగు దగ్గర పెట్టుకుని వాసన చూసి పళ్ళెంలో పక్కకు తోసేసింది.

"ముబ్ హాదా," అంది. ఇది కాదు అని.

తర్వాత అన్నం దగ్గర పేచీ మొదలైంది. ఖర్జూరాలు, ఘావా అనే అరబ్బు కాఫీ తప్ప ఏమీ తీసుకునేది కాదు. వారాంతంలో మదామ్ వస్తే తల్లి ఆమెతో ఒకటే పట్టు, కొండకు తీసుకెళ్ళమని. మదామ్ ఒప్పుకోలేదు. వాగులు ఇంకా పారుతున్నాయంది, మోకాలంది, జ్వరాలంది. మామ గోడవైపు తిరిగి పడుకుంది. మదామ్ నన్ను వరండాలోకి పిలిచి హిందీలో అడిగింది, అమ్మకు ఏమైందని. ఆకు కూర కోసం ఇంత పంతమేమిటో నాకూ తెలియదన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

వాగులు తీశాక, మామ బాగా నీరసపడ్డాక, మదామ్ ఫోన్ చేసి సరేనంది. కారులో తీసుకెళ్ళండి, అద్దంలోంచి కొండలు చూపించండి, కిందకు దించకండి, సాయంత్రపు అసర్ నమాజు వేళకు ఇంట్లో ఉండండి అంది. తనకు ఆఫీసు ఉంది, రాలేదు.

పొద్దున్నే బయల్దేరాం. మామ ముందు సీటులోనే కూర్చుంటానంది. వెనక చక్రాల కుర్చీ, ఘావా ఫ్లాస్కు, ఖర్జూరాల డబ్బా, నేను. పెద్ద రోడ్డు ఎక్కేదాకా మామ కర్రతో కాళ్ళ దగ్గర టకటకమని కొడుతూనే ఉంది. రస్ అల్ ఖైమా దాటాక కొండలు వచ్చాయి. తుప్పుపట్టిన ఇనుములా ఉండే కొండలవి, ఎప్పుడు చూసినా ఎండి కనబడేవే. రోడ్డు వాగు పక్కకు తిరగగానే డ్రైవరు వేగం తగ్గించాడు. గులకరాళ్ళ నేల మీద పచ్చని నూగు పరుచుకుని ఉంది. దగ్గరకు వెళ్తే అది నూగు కాదు, పూసిన చిన్న మొక్కలే. ఆవపూలలా పసుపువి, వేలిగోరంత ఊదావి, ఉల్లికాడల్లాంటి ఆకుల మధ్య తెల్లవి. పల్లేరు కూడా పూసి ఉంది. మా ఊళ్ళో కాలిలో గుచ్చుకుంటే తిట్టుకునే పల్లేరును అక్కడ చూసి చుట్టాన్ని చూసినట్టయింది.

కారు ఆపమన్నాను. మదామ్ దించొద్దన్నది మామను, నన్ను కాదు. దిగి నాలుగడుగులు వేశాను. నాలుగడుగులు నలభై అయ్యాయి. గోడలు లేని చోట నడిచి మూడేళ్ళు దాటింది. ఎటు వెళ్తున్నానో చూసుకోకుండా ఒక పూవు దగ్గర్నుంచి ఇంకో పూవు దగ్గరకు పోతూనే ఉన్నాను. వెనక మామ అద్దం మీద కర్రతో కొట్టింది.

"జిద్దాం," అంది నేను ఎక్కగానే. ముందుకు అని.

తర్వాతి వాగులో హుమైద్ గుంపులు గుంపులుగా ఉంది. పచ్చని ఆకుల మీద ఎర్రటి కాయలు, ఎండలో దీపాల్లా. చున్నీ నిండా కోసి తెచ్చి అద్దం దగ్గర పట్టుకున్నాను. మామ చూసింది. ఒక ఆకు తుంచి వేళ్ళ మధ్య నలిపింది. ముబ్ హాదా. డ్రైవరు అరబ్బీలో నచ్చజెప్పాడు, మామా ఇదే హుమైద్ అని. ఆవిడ అతని మొహం కూడా చూడలేదు. చేత్తో రోడ్డు చూపించింది.

అలా ఎన్ని వాగుల దగ్గర ఆగామో లెక్క లేదు. ప్రతిచోటా ఆవిడ మెడ చాచి కొండ ఆకారం చూసేది, తల అడ్డంగా ఊపేది. ఒకచోట కొండనే సగానికి కోసేశారు. రాయి కొట్టే క్వారీ అది. లారీలు వస్తూ పోతూ ఉన్నాయి, మొక్కల మీద తెల్లటి దుమ్ము పేరుకుంది. మామ ఆ కోసేసిన కొండను చాలాసేపు చూసి డాష్‌బోర్డు మీద అరచేత్తో కొట్టడం మొదలుపెట్టింది. నేను వెనకనుంచి భుజం పట్టుకున్నాను. అయినా ఆవిడ ఆపలేదు. అప్పుడే మదామ్ ఫోన్ చేసింది. దారిలో ఉన్నామని చెప్పి పెట్టేశాడు డ్రైవరు.

"అక్కా, ఇగ ఎనుకకు మర్రుదమా? మదామ్ మల్ల ఫోన్ జేసింది. ఆలిశమైతే నా కొలువు మీదికొస్తది," అన్నాడు.

అతను అన్నది న్యాయమే. కానీ ఈవిడను ఇలాగే ఇంటికి తీసుకెళ్తే మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటుంది. మళ్ళీ ఆ వరండా, ఆ గేటు, ఆ గొళ్ళెం.

"ఇంకొక్క వాగు చూద్దాం తమ్ముడూ. మదామ్‌తో నేను మాట్లాడతాను," అన్నాను.

అతను గేరు వేశాడు. కొంత దూరం పోయాక రోడ్డు పక్క చిన్న కొట్టు ముందు ఒక ముసలాయన కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. మామ అద్దం దించి ఏదో ఊరి పేరు అడిగింది. ఆయన లేచి వచ్చి, ఆ ఊళ్ళో ఇప్పుడు ఎవరూ లేరని చెప్పాడట. ముందుకెళ్తే పగిలిన నీళ్ళ ట్యాంకు కనబడుతుందనీ, అక్కడ తారు రోడ్డు వదిలి కొండవైపు తిరగాలనీ చెయ్యి చాచి చూపించాడు. మామ కర్ర చప్పుడు ఆగిపోయింది.

ట్యాంకు దగ్గర మలుపు తిరిగి రాళ్ళ దారిలో కాసేపు పోయాక కారు వెళ్ళే చోటు అయిపోయింది. డ్రైవరు బండి ఆపీ ఆపకముందే మామ తలుపు తీసుకుని దిగిపోయింది. నేను వెనక డోరు తీసి చక్రాల కుర్చీ లాగేసరికి ఆవిడ రాళ్ళ మీద కర్ర ఊనుకుంటూ చాలా ముందు ఉంది. మోకాలి నొప్పి ఏమైందో తెలియదు. కుర్చీ చక్రాలు గులకరాళ్ళలో దిగబడ్డాయి. దాన్ని అక్కడే వదిలేసి పరుగెత్తాను.

కూలిపోయిన రాతిగోడలు, చిన్న చిన్న మళ్ళ గట్లు. వాటి పైన ఒక చదును. ఆ చదునంతా హుమైద్. మధ్యమధ్యలో నిలబెట్టిన రాళ్ళు, రెండేసి చొప్పున. మొదట నాకు అర్థం కాలేదు. నా వెనక వచ్చిన డ్రైవరు ఆగిపోయాడు.

"ఖబ్రస్తాన్ అక్కా," అన్నాడు మెల్లగా.

మామ ఆ రాళ్ళ మధ్య వెతుక్కుంటూ వెళ్ళి, పక్కపక్కనే ఉన్న రెండు చిన్న సమాధుల దగ్గర ఆగింది. రెంటికీ నడుమ నేలమీద కూర్చుండిపోయింది. కూర్చున్నాక ముసుగు పైకెత్తింది. పరాయి మగవాడి ముందు ఆవిడ ముసుగు తీయగా నేనెప్పుడూ చూడలేదు. డ్రైవరు వెంటనే అటు తిరిగి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. మామ ఒక ఆకు తుంచుకుని నమిలింది. పులుపుకు కళ్ళు మూసుకుంది. అప్పుడు మాట్లాడటం మొదలుపెట్టింది. నాకు వచ్చిన అరబ్బీ వంటింటి అరబ్బీ. ఆవిడ మాటలు కొన్ని అందాయి, కొన్ని అందలేదు. డ్రైవరు కొండవైపు చూస్తూనే, ఆవిడ ఆగినప్పుడల్లా నాకు తెలుగులో చెప్పాడు.

"చెల్లె ఉండెనట మామకు. చిన్నదట. జ్వరమొచ్చి పండుకున్నదట."

మామ ఇంకొంచెం మాట్లాడింది.

"పుల్లగ ఏమన్న తింటనన్నదట. మామ హుమైద్ కోసుకరానీకి వొయిందట. అచ్చేటాలకు తీస్కవోతున్నరట."

కొండల్లో గాలి లేదు. ఎక్కడో మేకల గంటలు వినిపించాయి. మామ గొంతు ఏడుపు గొంతు కాదు. రోజూ నాతో ఘావా చల్లారిందని చెప్పే గొంతే.

"ఆడివిల్లలను రానియ్యరు గద. ఏడ పెట్టిన్రో ఎవలు జెప్పలేదట. మేకల ఎంబడి తిరుక్కుంట తనే ఎతుక్కున్నదట. పెండ్లయి సముద్రం దిక్కు వొయినంక మల్ల రాలేదట." మామ రెండు సమాధుల మీదా చెయ్యి వేసి ఇంకేదో అంది. "ఈ రెండిట్ల ఏదో, గది మాత్రం తెల్వదంటున్నది."

పిల్లలకు ఈ సంగతి తెలుసా అని అడిగాను. డ్రైవరు అడిగి చెప్పాడు. ఎవరూ అడగలేదట.

మామ ఇంకో ఆకు తుంచి నాకు ఇచ్చింది. సమాధుల మధ్య మొలిచిన ఆకు తినొచ్చో లేదో నాకు తెలియలేదు. ఆవిడ నా నోటివైపే చూస్తుంటే పెట్టుకున్నాను. మా చుక్కకూర కంటే పులుపు, వెనకాల కాస్త ఉప్పన. అది మింగుతుంటే నాకు మనసు కుదుటపడాలి కదా, పడలేదు. లేచి అలా నడిచి వెళ్ళిపోవాలనిపించింది, ఏ దిక్కుకైనా, మా ఇల్లు వచ్చేదాకా. జ్వరం వచ్చిన పిల్ల ఎదురుచూపు, ఆకు కోసం పరుగెత్తిన పిల్ల ఆత్రం రెండూ కలిసి గుండెలో కొట్టుకుంటున్నట్టు ఉంది.

లేచేటప్పటికి మామ మోకాలు వాచిపోయింది. అడుగు పడలేదు. డ్రైవరు మగవాడు, ముట్టుకోవడానికి వెనకాడాడు. మామ ముసుగు దించుకుని, విసుగ్గా "యల్లా" అంది, ఇక కానివ్వండి అని. కుర్చీ తెచ్చి ఆవిడను కూర్చోబెట్టి, ముందు అతను, వెనక నేను పట్టుకుని పల్లకీలా కారు దాకా మోసుకొచ్చాం. ఆవిడ చెప్పు ఒకటి ఎక్కడ పడిపోయిందో చూసుకోలేదు.

ఇల్లు చేరేసరికి అసర్ దాటి చాలాసేపైంది. మదామ్ గేటు ముందు నిలబడి ఉంది. ఆఫీసు నుంచి మధ్యలోనే వచ్చేసిందట. తల్లి ఒంటి చెప్పు, మట్టి పాదాలు, వాచిన మోకాలు చూసింది. అరవలేదు. డ్రైవరుతో చిన్న గొంతుతో ఏదో అంది. అతను తల వంచుకున్నాడు. తప్పు అతనిది కాదు మదామ్, ఇంకొక్క వాగు చూద్దామన్నది నేనే అని హిందీలో చెప్పాను. ఆమె నావైపు తిరిగేలోపు మామ కారు తలుపును కర్రతో గట్టిగా కొట్టి గబగబా ఏదో అంది. నేను వెళ్ళమన్నాను, వాళ్ళు వెళ్ళారు, వాళ్ళను ఏమీ అనకు అని దాని అర్థం. ఖలాస్, ఇక అయిపోయింది అని కూడా అంది చివర్లో.

ఆ రాత్రి మామ చేప, అన్నం తింది. రెండో వాగులో నేను చున్నీలో కోసి తెచ్చిన హుమైద్, ఇది కాదు అని కొట్టిపారేసిందే, దాన్నే నంజుకుని పళ్ళెం ఖాళీ చేసింది. నేను గోరువెచ్చని నీళ్ళతో కాళ్ళు కడుగుతుంటే కూతురిని దగ్గరకు పిలిచి చెల్లెలి సంగతి చెప్పింది. మదామ్ మొదట మంచం అంచున కూర్చుంది. వింటూ వింటూ కిందకు జారి నేలమీద, నా పక్కన కూర్చుంది. తనకొక చిన్నమ్మ ఉండేదని ఆమెకు అప్పటిదాకా తెలియదు. నన్ను చూడలేదు, తల్లి పాదాలనే చూస్తూ ఉంది. కాసేపటికి మామ కర్రతో నన్ను చూపించి ఇంకేదో అంది. మదామ్ కళ్ళెత్తి నన్ను చూసింది. తర్వాత హిందీలో నాకు చెప్పింది.

"నిన్ను ఇంటికి పంపించమంటోంది. ఇది కూడా కూర్చోలేకపోతోంది, నాకు రోజూ కనబడుతూనే ఉంది అంటోంది."

నేను ఆవిడ వెనక తిరుగుతున్నానని అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆవిడ నన్ను గమనిస్తోందని అనుకోలేదు. తువ్వాలు తెచ్చే నెపంతో బాత్‌రూములోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

మార్చిలో టికెట్ తీశారు. నా బదులు వచ్చిన శ్రీలంక ఆమెను మామ ఏమీ అనలేదు. ఊరెళ్ళాను. మా అమ్మాయి కాలేజీ గేటు నీలం రంగు. నేను ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అది నన్ను ఇంటికొచ్చిన అతిథిలా చూసింది, ఏం కావాలమ్మా, కాఫీ పెట్టనా అని అడుగుతూ. అది కాలేజీకి వెళ్ళాక నేను గదుల్లో తిరిగేదాన్ని. కాలవ గట్టు మీదకు వెళ్ళి పొన్నగంటి కోసుకొచ్చేదాన్ని. ఎండాకాలం మధ్యలో డ్రైవరు ఫోన్‌లో గొంతు రికార్డు చేసి పంపాడు. మామ నిద్రలోనే పోయిందట. ఎవరినీ ఇబ్బంది పెట్టలేదట. ఆ ఇంట్లో ఇక నాకు పని లేదు.

తర్వాత కొత్త వీసా మీద షార్జా వచ్చాను. రోలాలో ఒక ఫ్లాటు. ఇళ్ళలో పనికి వెళ్ళే మన గోదావరి ఆడవాళ్ళు గదికి ఇంతమంది చొప్పున ఉంటారు, వాళ్ళకు వంట చేయడం నా పని. కింద వీధి నిండా కొట్లు, టాక్సీలు, బస్సుల కోసం పరిగెత్తే జనం. అక్కడ మట్టి అనేది కనబడదు. డ్రైవరు ఇక చాలనుకుని ఊరికి వెళ్ళిపోయి మొక్కజొన్న, పసుపు వేసుకుంటున్నాడు.

ఒక చలికాలం మదామ్ ఫోన్ చేసింది. నా నంబరు డ్రైవరు దగ్గర తీసుకుందట. అమ్మ వెళ్ళిన చోటు చూపిస్తావా అని అడిగింది. నాకు దారి తెలియదని చెప్పాను. అయినా వచ్చింది. తనే కారు నడుపుకుంటూ వచ్చి, రోలాలో ఎక్కడా ఆపే చోటు దొరక్క చుట్టూ తిరిగి తిరిగి, ఒక మూల నన్ను ఎక్కించుకుంది. ఆ ఏడాది వాన పడలేదు. కొండలన్నీ ఒకేలా, ఎండి ఉన్నాయి. పూలు ఉన్నప్పుడు ఒక్కో వాగు ఒక్కోలా ఉండేది, ఇప్పుడు ఏది ఏదో తెలియలేదు. డ్రైవరుకు వీడియో కాల్ చేశాం. అతను చేనులో నిలబడి, మేము ఫోన్ కిటికీకి పెట్టి చూపిస్తుంటే, "ఇది గాదు అక్కా, క్వారీ దాటాలె, దాటినంక దుకాణం," అని చెబుతూ పోయాడు. మధ్యలో సిగ్నల్ పోయేది. మదామ్ బండి ఆపి, వెనక్కి వచ్చి, సిగ్నల్ దొరికిన చోట మళ్ళీ అడిగేది. ఆమె చేతులు స్టీరింగు మీద ఒక్కచోట ఉండేవి కావు.

నీళ్ళ ట్యాంకు దొరికింది. రాళ్ళ దారిలో నడిచి చదును మీదకు వెళ్ళాం. ఒక్క పచ్చని ఆకు లేదు. రాళ్ళు మాత్రం ఉన్నాయి. ఏది అని అడిగింది మదామ్. మీ అమ్మకూ తెలియదు, ఈ రెంటి మధ్యలో కూర్చుంది అని చూపించాను. ఆమె బ్యాగు పక్కన పెట్టి, అబాయా దుమ్మవుతుందని చూసుకోకుండా అక్కడే కూర్చుంది. నేను దూరంగా వెళ్ళి నిలబడ్డాను. ఆమె చేతులు పైకెత్తి దువా చేసుకుంది. చాలాసేపటికి లేచి వచ్చి, అమ్మ ఇక్కడ ఏడ్చిందా అని అడిగింది. లేదు, ఆకు తింది అని చెప్పాను. ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే కళ్ళు నిండాయి.

తిరిగి వచ్చేటప్పుడు ఒక కెఫెటేరియా దగ్గర కారులోనే కరక్ చాయ్ తాగాం. నా కూతురి గురించి అడిగింది. చెప్పాను. అప్పట్నుంచి అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. మంచి వాన పడిన ఏడాది తన పిల్లలను కూడా తీసుకెళ్ళానని చెప్పి ఫొటో పంపింది. చదునంతా ఎర్రగా ఉంది.

మా అమ్మాయి నర్సింగు అయిపోవచ్చింది. దుబాయ్ వస్తానంటోంది, ఇక్కడ ఆసుపత్రుల్లో మంచి ఉద్యోగాలున్నాయట. నిన్న రాత్రి కూడా అదే మాట. వద్దనడానికి నాకు నోరు రావడం లేదు, రమ్మనడానికీ రావడం లేదు. రేపు చెబుతానన్నాను.